మూఢం పోయేలోపు సిస్టమ్ మార్చాలి, మ్యాకా విండోసా? (ఆల్బమ్, మిక్సింగ్ చేసేవాళ్లు జర చెప్పండి)

నయీంనగర్_ఫొటో:
అన్నలకు, అక్కలకు నమస్తే. హన్మకొండ నయీంనగర్‌లో మాది చిన్న స్టూడియో. షూటింగ్ నేను, మిక్సింగ్ (వీడియో ఎడిటింగ్) మా తమ్ముడు, ఆల్బమ్ డిజైనింగ్‌కి తొమ్మిదేళ్లుగా ఒకే ఆపరేటర్ ఉంది. సిస్టమ్ 2015లో కట్టించింది. నాలుగో తరం ఐ7, 16 జీబీ ర్యామ్, మధ్యలో ఒకసారి గ్రాఫిక్ కార్డు మార్చాం, రెండుసార్లు ఎస్‌ఎమ్‌పీఎస్ కాలిపోయింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది, 11 వేద్దామంటే ఈ ప్రాసెసర్‌కి ఎక్కదంటోంది.

నిరుడు కొత్త సోనీ కెమెరా తీసుకున్నా, 4కె టెన్ బిట్. అప్పటి నుంచి తమ్ముడి బాధ చూడలేకపోతున్నా. టైమ్‌లైన్ మీద స్పేస్ బార్ కొడితే బాజా వినిపిస్తుంది, బొమ్మ ఎక్కడిదక్కడే. మొన్నటి పెళ్లిలో జీలకర్ర బెల్లం నుంచి తాళి దాకా జరపడానికి వాడు రెండు చాయ్‌లు తాగొచ్చాడు, తాళి ఇంకా పెళ్లికొడుకు చేతిలోనే ఉంది.

ఇప్పుడు మూఢం, పెళ్లిళ్లు లేవు. ముహూర్తాలు మొదలైతే ఊపిరి తీసుకునే టైమ్ ఉండదు, అందుకే ఇప్పుడే తేల్చుకోవాలి. బడ్జెట్ లక్షన్నర, గట్టిగా లాగితే లక్షా డెబ్భై. తమ్ముడు మ్యాక్ కావాలంటాడు, వాడి సోపతులంతా ఆపిల్ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ మీదికి పోయారట. ఆపరేటర్ మాత్రం "అన్నా, మ్యాక్ తెస్తే నేను టైపింగ్ దేంట్లో చేయాలి" అని ఒక్కటే అడిగింది, ఇంకో మాట లేదు. ఎవరి మాట వినాలి?

కాజీపేట_కట్స్:
తమ్ముడి మాట వినండి అన్నా. నేను 2021లో ఎమ్1 మ్యాక్ మినీ కొన్నా, 16 జీబీది. అంతకుముందు నాదీ మీ కథే. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఫార్మాట్ కొట్టలేదు, ఫ్యాన్ చప్పుడు వినలేదు. ఆపిల్ సొంత చిప్‌లలో వీడియో కోసమే వేరే భాగం ఉంటుంది, మీ కెమెరా ఇచ్చే టెన్ బిట్ ఫుటేజ్ దాని మీద నీళ్లలా పారుతుంది. ఎమ్4 మినీ 2024 నవంబర్‌లో వచ్చినప్పుడు మన దగ్గర 59,900 పెట్టారు, అది కూడా 16 జీబీ ర్యామ్‌తో. మీ బడ్జెట్‌లో మినీ, మంచి మానిటర్, బయటి ఎస్‌ఎస్‌డీ అన్నీ వచ్చి ఇంకా మిగులుతాయి. ఫైనల్ కట్‌ని ఒక్కసారి కొంటే చాలు, ఏటేటా కట్టే పని లేదు.

ఇంకోటి చెప్పాలి. కరెంటు. ఆ డబ్బా ఎంత కష్టపడ్డా 65 వాట్లు దాటదు. ఏప్రిల్, మే నెలల్లో మా వీధిలో కరెంటు పోతే ఇంట్లో ఫ్యాన్‌తో పాటు నా ఎక్స్‌పోర్ట్ కూడా ఇన్వర్టర్ మీద నడుస్తూనే ఉంటుంది.

ఫ్లెక్సీ_పోచమ్మమైదాన్:
వచ్చాడండీ ఆపిల్ ఏజెంట్ 😄

అన్నా, నా అనుభవం వేరు. మాది ఫ్లెక్సీ ప్రింటింగ్. మేడారం జాతర ముందు రాత్రింబగళ్లు మెషిన్ ఆగదు, సమ్మక్క సారలమ్మ బొమ్మ పక్కన నాయకుడి బొమ్మ ఎంత పెద్దగా ఉండాలనే లొల్లి తప్ప ఇంకేమీ వినపడదు. ఒక పిల్లగాడు వచ్చి డిజైన్ సెక్షన్‌కి మ్యాక్ పెట్టమన్నాడు. కోరెల్ డ్రా మ్యాక్‌కి 2019లో మళ్లీ వచ్చింది, అది నిజమే. కానీ ఆ డిజైన్ మెషిన్‌లోకి పోవాలంటే మధ్యలో రిప్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది కదా, మా మెషిన్‌తో ఇచ్చింది విండోస్‌దే. దానికో యూఎస్‌బీ డాంగిల్ (అది గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది), దానికో పాత డ్రైవర్. మ్యాక్ లోపల విండోస్ పెట్టి నడిపిద్దామని చూశాం, డాంగిల్‌ని గుర్తే పట్టలేదు. కొత్త మ్యాక్‌లలో ఎక్కేది ఏఆర్ఎమ్ విండోస్ అట, మామూలు ప్రోగ్రామ్‌లు ఎలాగో నడుస్తాయి కానీ పాత డ్రైవర్లు ఎక్కవట. అదేదో కొనకముందు తెలిస్తే బాగుండేది. ఆ మ్యాక్ ఇప్పుడు కౌంటర్ మీద ఉంది, బిల్లింగ్‌కి. వరంగల్‌లో అందరికంటే ఖరీదైన బిల్లింగ్ మెషిన్ మాదే.

గోదావరిఖని_అసెంబుల్:
నయీంనగర్ అన్నా, మీ సమస్య మ్యాకా విండోసా అన్నది కాదు. ఫోర్ టూ టూ.

కొంచెం ఓపికగా చదవండి. మీ సోనీలో హెచ్.265 అనే వీడియో ఫార్మాట్‌లో 4:2:2 టెన్ బిట్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, మీరు అదే పెట్టి తీస్తున్నారని నా అనుమానం. రంగుల వివరం ఎక్కువగా దాచుకుంటుంది కాబట్టి గ్రేడింగ్‌కి, అంటే తర్వాత రంగులు దిద్దుకోవడానికి బాగుంటుంది. కానీ ఆ ఫైల్‌ని విప్పడానికి చిప్‌లోనే దానికోసం ఏర్పాటు ఉండాలి. అది లేకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది, మీ ఐ7 పాపం చతికిలపడుతుంది. ఆపిల్ ఎమ్ సిరీస్‌లో ఆ ఏర్పాటు ఉంది. ఇంటెల్‌లో 11వ తరం నుంచి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉంది, దాన్నే క్విక్ సింక్ అంటారు. ఎన్‌విడియాలో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ దాకా లేదు. అంటే 40 సిరీస్‌లో ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఈ ఒక్క పనికి పనికిరాదు. చాలామందికి ఇది తెలియక కార్డు మీద డెబ్భై ఎనభై వేలు పోసి, ఆ తర్వాత నా దగ్గరికి వస్తారు.

మొన్నామధ్య మా సోపతి ఒకడు ఒక దుకాణంలో సిస్టమ్ కట్టించుకున్నాడు. 12వ తరం ఐ5, పెద్ద కార్డు, లోపల రంగురంగుల లైట్లు. టైమ్‌లైన్ మాత్రం మీదాని కంటే అధ్వానం. నేను పోయి డబ్బా మీద ప్రాసెసర్ నంబర్ చూశా, చివర ఎఫ్ అని ఉంది. ఎఫ్ అంటే లోపలి గ్రాఫిక్స్ లేనిది. దుకాణం వాడు వెయ్యి, పదిహేను వందలు తక్కువని అది అంటగట్టాడు, అడిగితే "కార్డు ఉంది కదా సార్, లోపలిది ఎందుకు" అన్నాడట. గేములాడేవాడికి ఆ మాట కరెక్టే. మిక్సింగ్ వాడికి కాదు. ప్రాసెసర్ ఒక్కటి మార్చాం, అదే ఫుటేజ్ అదే ప్రీమియర్‌లో (అడోబీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) ఆగకుండా పోయింది.

కాబట్టి విండోసే తీసుకుంటే ఎఫ్ లేని ఇంటెల్ తీసుకోండి. 13, 14వ తరం అయితే బోర్డు బయాస్ (బోర్డు లోపల ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయించడం మరవకండి, ఆ రెండు తరాల్లో సిస్టమ్ ఉన్నట్టుండి క్రాష్ అయ్యే జబ్బు ఉండేది, 2024లో ఇంటెల్ దానికి మందిచ్చింది.

లినక్స్_వీరుడు:
రెండూ వద్దు, ఉబుంటు లినక్స్ వేసి డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టండి. పైసా ఖర్చు లేదు.

గోదావరిఖని_అసెంబుల్:
తమ్మీ, లినక్స్‌లో ఫ్రీ రిజాల్వ్ హెచ్.264, హెచ్.265 ఫైళ్లను తెరవదు. పెళ్లి కెమెరాలన్నీ ఇచ్చేవి అవే. నీకు లినక్స్ మీద ప్రేమ ఉంటే మంచిదే, పెళ్లివాళ్లకి ఉండదు.

సిరిసిల్ల_షీట్స్:
ఆ ఆపరేటర్ చెల్లి అడిగిన ప్రశ్నకి ఇంతమందిలో ఒక్కరూ జవాబు చెప్పలేదు, నేను చెప్తా.

నేను ఇంటి దగ్గరే ఆల్బమ్ డిజైనింగ్ చేస్తా. కరీంనగర్, వేములవాడ, సిద్దిపేట స్టూడియోల నుంచి ఫొటోలు వస్తాయి, షీట్లు చేసి పంపుతా. తెలుగంతా అను అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే. పెళ్లి పత్రిక మొదటి పేజీ, "శుభలేఖ" అన్న టైటిల్, అత్తామామల పేర్లు, శ్లోకం, అన్నీ అను ఫాంట్లే. అను స్క్రిప్ట్ మేనేజర్ నడిచేది విండోస్ మీద. ఫాంట్ ఫైళ్లు మామూలు టీటీఎఫ్‌లే కాబట్టి మ్యాక్‌లో వేసుకోవచ్చు, పాత షీట్ తెరిస్తే అక్షరాలు సరిగ్గానే కనిపిస్తాయి. టైప్ చేయబోతేనే తంటా. ఈ ఫాంట్లు యూనికోడ్‌వి కావు, ఒక్కో గుణింతం, ఒక్కో వత్తు ఎక్కడో ఇంగ్లిష్ గుర్తు వెనక దాక్కుని ఉంటుంది, స్క్రిప్ట్ మేనేజర్ లేకుండా వాటిని చేత్తో ఏరుకోవాలంటే ఒక ఇంటిపేరుకే పూటంతా పడుతుంది.

నవ్వొచ్చే సంగతి ఇంకోటి ఉంది. అనులో నేను వాడే కీబోర్డు లేఅవుట్ పేరే ఆపిల్. ఆపిల్, మాడ్యులర్ అని ఉంటాయి కదా, డీటీపీ నేర్చుకున్నప్పుడు మా సార్ ఆపిలే నేర్పాడు. కళ్లు మూసుకుని కొడతా. జీవితంలో ఆపిల్ కంప్యూటర్ ముట్టుకోలేదు, వేళ్లకి మాత్రం ఆపిల్ తప్ప ఇంకోటి రాదు.

ర్యామ్ గురించి కూడా ఒక మాట. 12×36 అంగుళాల షీట్ 300 డీపీఐలో అంటే 10800 బై 3600 పిక్సెల్స్, ఒక్క లేయరే 110 ఎంబీ పైన. దాంట్లో పది పన్నెండు ఫొటోలు, మాస్కులు, బ్యాక్‌గ్రౌండ్, నీడలు పడ్డాక పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైల్) రెండు మూడు జీబీ అవుతుంది, పక్కన ఇంకో మూడు షీట్లు తెరిచే ఉంటాయి. ఏది కొన్నా 32 జీబీకి తక్కువ తీసుకోకండి. మ్యాక్‌లో అయితే కొన్నప్పుడు ఎంతో జీవితాంతం అంతే, తర్వాత వేసుకోవడానికి ఉండదు.

నయీంనగర్_ఫొటో:
అక్కా, మీ పోస్ట్ మా ఆపరేటర్‌కి చూపించా. "నాదీ ఆపిలే" అని నవ్వి మళ్లీ పనిలో పడింది. గోదావరిఖని అన్నా, అనుమానం నిజమే, కెమెరాలో 4:2:2 పెట్టే ఉంది. ఎందుకు పెట్టావంటే యూట్యూబ్‌లో ఎవరో చెప్పారట. చెప్పింది తమ్ముడికి, పెట్టింది నేను, ఏడ్చేదీ మళ్లీ వాడే.

కాజీపేట_కట్స్:
అక్క చెప్పిన అను సంగతి ఒప్పుకుంటా. నేను డిజైనింగ్ చేయను కాబట్టి నాకు ఆ నొప్పి లేదు. ప్యారలల్స్ వేసి అందులో విండోస్ 11 పెట్టుకుని అను నడిపేవాళ్లు ఉన్నారు. 2023 నుంచి ఆపిల్ చిప్ మ్యాక్‌లలో ప్యారలల్స్‌తో విండోస్ నడపడానికి మైక్రోసాఫ్టే అధికారికంగా ఒప్పుకుంది. కానీ రోజంతా టైప్ చేసే మనిషిని అందులో కూర్చోబెట్టడం మంచిది కాదు, ఒక కిటికీలో టైప్ చేసి ఇంకో కిటికీలో అతికించుకుంటూ పోవాలి. యూనికోడ్‌కి మారితే పోతుంది కదా? సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన రామభద్ర, మల్లన్న, సూరన్న, ధూర్జటి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లోనే ఉన్నాయి, అవి ఏ మెషిన్‌లోనైనా నడుస్తాయి.

సిరిసిల్ల_షీట్స్:
తమ్ముడూ, రామభద్ర నేనూ వాడతా, హెడ్డింగ్‌కి బాగుంటుంది. ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకోకపోతే వత్తులు విడిపోయి పక్కకి పడతాయి, అది సరిచేసుకుంటే చాలు. కానీ పెళ్లివాళ్లు వచ్చి "మా అన్న పెళ్లి ఆల్బమ్ మీద ఉన్న అక్షరాలే కావాలి" అంటారు చూడు, ఆ అక్షరాలు అనువి. పాత పీఎస్‌డీలు నా దగ్గరే రెండు టీబీ ఉన్నాయి. వాటన్నిట్లో తెలుగు తిరిగి కొట్టాలంటే నాకు ఇంకో జన్మ కావాలి.

మంచిర్యాల_మిక్సింగ్:
ఆలస్యంగా చూశాను. ఈ ఫీల్డులో ముప్పై ఏళ్లు, వీహెచ్ఎస్ క్యాసెట్ల కాలం నుంచి ఉన్నాను కాబట్టి కొంచెం పాత సంగతులు చెప్తా, విసుక్కోకండి.

ఈ మ్యాక్, విండోస్ లొల్లి కొత్తది కాదు. అసలు డీటీపీ పుట్టిందే మ్యాక్ మీద. 1985లో పేజ్‌మేకర్ ముందు దానికే వచ్చింది. ఫొటోషాప్ 1990లో వచ్చినప్పుడు అదీ మ్యాక్‌కే, విండోస్‌కి వచ్చేసరికి ఇంకో రెండు మూడేళ్లు పట్టింది. సిరిసిల్ల అమ్మాయి చెప్పిన ఆపిల్ లేఅవుట్ ఆ కాలం గుర్తే. మరి మన జిల్లాల్లో అంతా విండోస్ ఎందుకయ్యారు? అసెంబుల్డ్ మెషిన్ సగం ధరకి వచ్చింది, పాడైతే పక్క వీధిలో బాగుచేసేవాడు ఉన్నాడు, సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. మూడోది పైకి అనరు, నేను అంటున్నా. నేనూ వాడా. 2019లో ఒక క్రాక్ ఫైల్ నొక్కిన మధ్యాహ్నం అన్ని ఫొటోల పేర్ల వెనక నాలుగు కొత్త అక్షరాలు వచ్చి చేరాయి, ఒక్కటీ తెరుచుకోలేదు, డాలర్లు పంపమని ఒక కాగితం స్క్రీన్ మీద. మూడు పెళ్లిళ్లు పోయాయి. ఒకాయన కాళ్లు పట్టుకున్నంత పని చేశా. అప్పటి నుంచి చందా కట్టే వాడుతున్నా, అడోబీ ఒక చందా మీద మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ రెండు మెషిన్లలో వేసుకోవచ్చు, అది చాలామందికి తెలియదు.

ఇక మిక్సింగ్. మనవాళ్లలో ఎక్కువమంది వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్. అది విండోస్‌కే ఉంది. ఫైనల్ కట్ మ్యాక్‌కే ఉంది. మీ తమ్ముడు ఎడియస్ మీద ఉంటే, ఇన్నేళ్లుగా కొని పెట్టుకున్న వెడ్డింగ్ ప్రాజెక్టులు, టైటిల్స్, పూల వాన, అక్షింతల ఎఫెక్టులు అన్నీ ఫైనల్ కట్‌లో తెరుచుకోవు, మళ్లీ సున్నా నుంచి. కుర్రవాడు కాబట్టి నేర్చుకుంటాడు, రెండు నెలలు పడుతుంది. సీజన్ మధ్యలో ఆ రెండు నెలలు రావు. నా మటుకు నేను వీడియో ఎటైనా పోగలిగేలా రిజాల్వ్ మీదికి మెల్లగా మారుతున్నా. ఒకే ప్రాజెక్ట్ రెండు వైపులా తెరుచుకుంటుంది, ఫ్రీది 4కె అల్ట్రా హెచ్‌డీ దాకా ఇస్తుంది, స్టూడియో వెర్షన్‌కి ఒక్కసారే 295 డాలర్లు.

జగిత్యాల_జానపదం:
మేము జానపద పాటలు రికార్డ్ చేసేవాళ్లం, వీడియో వాళ్ల మధ్యలో దూరుతున్నా క్షమించండి. మా పనికి మ్యాక్ బాగుంది, లాజిక్ ప్రో దాంట్లోనే ఉంది, ఆడియో ఇంటర్‌ఫేస్ గుచ్చగానే డ్రైవర్ గోల లేకుండా పని చేసింది. విండోస్‌లో ఉన్నప్పుడు డప్పు కొట్టేవాడు హెడ్‌ఫోన్లో తన దెబ్బ తనకే ఆలస్యంగా వినిపించి లయ తప్పేవాడు. తప్పు విండోస్‌ది కాదు, మేం మామూలు సౌండ్ డ్రైవర్ మీద నడిపించాం, ఏషియో డ్రైవర్ వేసుకోవాలని ఎవరూ చెప్పలేదు. ఎఫ్ఎల్ స్టూడియో వాడే పిల్లలు ఏదైనా తీసుకోవచ్చు, 2018 నుంచి అది రెండింట్లోనూ ఉంది.

సుబేదారి_త్రీడీ:
ఇళ్ల ఎలివేషన్లు చేసేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే: త్రీడీ మ్యాక్స్, రెవిట్, ల్యుమియన్ మూడూ విండోస్‌కే. మన దగ్గర చర్చ అక్కడితో అయిపోతుంది.

నయీంనగర్_ఫొటో:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇంకో డౌట్. ఓఎల్‌ఎక్స్‌లో ఒకాయన 2017 ఐమ్యాక్, 27 అంగుళాల 5కె, యాభై ఐదు వేలకి ఇస్తానంటున్నాడు. స్క్రీన్ చూస్తే కళ్లు తిరిగాయి. తీసుకోవచ్చా?

గోదావరిఖని_అసెంబుల్:
వద్దు. అది ఇంటెల్ మ్యాక్. ఆపిలే 2025 జూన్‌లో చెప్పింది, ఇంటెల్ మ్యాక్‌లకి టహోనే ఆఖరి మ్యాక్ ఓఎస్ అని, ఆ టహో కూడా 2017 దానికి ఎక్కదు. మీ ఫోర్ టూ టూకి కావలసిన ఏర్పాటు కూడా దాంట్లో లేదు. స్క్రీన్ కోసం కొంటా అంటే ఆ స్క్రీన్‌ని వేరే సిస్టమ్‌కి మానిటర్‌లా పెట్టుకోవడానికీ ఉండదు.

కాజీపేట_కట్స్:
దీని మీద నేనూ అన్నతోనే. వద్దు.

ఇంకోటి, మ్యాక్ గురించి నేను దాచిపెట్టినట్టు ఉండకూడదు కాబట్టి చెప్తున్నా. మొదటి ఏడాది ఒక పెళ్లి పార్టీ వీడియో మొత్తం కావాలని వాళ్ల హార్డ్ డిస్క్ తెచ్చిచ్చారు. పెళ్లికొడుకు అదే రాత్రి శంషాబాద్ పోయి అమెరికా విమానం ఎక్కాలి. డిస్క్ పెట్టా, ఫోల్డర్లు కనిపిస్తున్నాయి, లోపలి ఎంగేజ్‌మెంట్ ఫొటోలు తెరుచుకుంటున్నాయి, పేస్ట్ మాత్రం కావట్లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్, అంటే విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్‌ని మ్యాక్ చదువుతుందే తప్ప దాని మీద రాయదని నాకు ఆ రోజే తెలిసింది. ఫార్మాట్ కొడదామంటే ఎంగేజ్‌మెంట్ పోతుంది. పెళ్లికొడుకు మేనమామ సోఫా అంచున కూర్చొని చేతి గడియారం తిప్పుకుంటున్నాడు, ఒక్క మాట అనట్లేదు, తిడితే బాగుండు అనిపించింది. చివరికి 300 జీబీ నా ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించుకుని కింది జిరాక్స్ షాపుకి ఉరికి, షట్టర్ దించుతున్న ఆయన్ని బతిమాలి, ఆ విండోస్ మెషిన్ మీద కాపీ కొట్టా. గంట పైనే పట్టింది. ఇప్పుడు రెండు వైపులా నడిచే ఎక్స్‌ఫ్యాట్‌లో ఉన్న డిస్క్ తెస్తేనే తీసుకుంటా అని బోర్డు పెట్టుకున్నా.

నయీంనగర్_ఫొటో:
కాజీపేట అన్నా, మీకు అభ్యంతరం లేకపోతే మీ ఇంటికి వచ్చి నా కెమెరా మెమరీ కార్డు మీ దాంట్లో పెట్టి చూస్తాం. కొనే ముందు ఒకసారి కళ్లతో చూడాలి.

కాజీపేట_కట్స్:
రండి అన్నా, ఆదివారం రండి. తమ్ముణ్నీ తీసుకురండి, చాయ్ మాది.

నయీంనగర్_ఫొటో:
పోయొచ్చాం. జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

కార్డు పెట్టాం. తాళి కట్టే షాటే తెరిచాం, ఇంటి దగ్గర గంటలు తిన్నది అదే కాబట్టి. స్పేస్ బార్ కొట్టగానే పోయింది. వెనక్కి తిప్పితే పోయింది, నాలుగు రెట్ల స్పీడ్‌లోనూ పోయింది. అదీ ఐదేళ్ల కిందటి ఎమ్1 మీద. తమ్ముడు నా మొహం వైపు చూస్తూ నవ్వాడు. నేను దాదాపు సరే అనేశా.

అప్పుడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన పీఎస్‌డీ ఒకటి తెరిచాం. అను ఫాంట్లు వేశాక సిరిసిల్ల అక్క చెప్పినట్టే అన్నీ సరిగ్గా కనిపించాయి. అదే టైమ్‌కి ఆ పెళ్లివాళ్లు ఫోన్ చేశారు, పెళ్లికొడుకు ఇంటిపేరులో ఒక వత్తు తప్పుపడింది, ఇప్పుడే సరిచేసి వాట్సాప్‌లో పంపమని. నిజంగా అప్పుడే చేశారు, కట్టుకథ కాదు. ఒక్క ర వత్తు. కాజీపేట అన్న, తమ్ముడు, నేను ముగ్గురం గ్లిఫ్స్ ప్యానెల్ తెరిచి వెతుకుతున్నాం, దొరికింది పెడితే అక్షరం కిందకి రాకుండా పక్కకి పోయి కూర్చుంటోంది. ఇరవై నిమిషాలు. చివరికి ఆపరేటర్‌కి ఫోన్ చేశా. ఆదివారం పూట, ఇంట్లో బట్టలు ఆరేస్తోంది. "ఆపిల్‌లో కావట్లేదా అన్నా?" అని అడిగింది, పాపం నవ్వాపుకుంటూ. దుకాణం తాళం తన దగ్గర ఒకటి ఉంటుంది, పోయి మా పాత డబ్బాలో రెండు నిమిషాల్లో మార్చి పంపించింది.

తిరిగొస్తుంటే బండి మీద తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. చౌరస్తా సిగ్నల్ దగ్గర మాత్రం "విండోసే తీసుకో, ఎఫ్ లేనిది" అన్నాడు.

మంచిర్యాల_మిక్సింగ్:
తమ్ముణ్ని చిన్నబుచ్చకండి. వాడు అడిగినది తప్పేమీ కాదు, వాడి పనికి మ్యాకే మేలు. మీ దుకాణంలో అందరికంటే ఎక్కువ గంటలు కూర్చునేది ఆపరేటర్ కాబట్టి ఇటు తేలింది, అంతే. వచ్చే ఏడు చేతిలో పైసలు ఆడితే వాడికో మినీ విడిగా పెట్టండి.

గోదావరిఖని_అసెంబుల్:
ఇంటెల్ ప్రాసెసర్‌లలో కోర్ అల్ట్రా 7 265కె చూడండి, లోపలి గ్రాఫిక్స్ ఉంది. దానికి ఆర్‌టీఎక్స్ 5060 జత చేస్తే ఫోర్ టూ టూకి రెండు దారులుంటాయి. ర్యామ్ రేట్లు ఇప్పుడు మండిపోతున్నాయి, 64 పెట్టాలని ఉన్నా 32 దగ్గర ఆగి రెండు స్లాట్లు ఖాళీగా ఉంచండి. ఇంకో మాట, సిస్టమ్ డ్రైవ్‌లో ఫుటేజ్ పెట్టకండి. 100 ఎంబీపీఎస్‌లో తీస్తే గంటకి 45 జీబీ, మూడు కెమెరాలు ఐదేసి గంటలంటే 675 జీబీ ఒక్క పెళ్లికే. దానికి వేరే డ్రైవ్ పెట్టండి.

ఫ్లెక్సీ_పోచమ్మమైదాన్:
ఓపెనింగ్‌కి ఫ్లెక్సీ నేను కొట్టిస్తా. పైసలు వద్దు, బిల్లు మాత్రం ఆపిల్ మీద వస్తుంది.

నయీంనగర్_ఫొటో:
అయిపోయింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పొద్దంతా తిరిగి, గోదావరిఖని అన్న రాసిచ్చిన చిట్టీ ప్రకారం అన్నీ తీసుకుని, ప్రాసెసర్ డబ్బా మీద ఎఫ్ లేదని ముగ్గురితో చదివించి, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో కేబినెట్ ఒళ్లో పెట్టుకుని కాజీపేటలో దిగాం. ఫొటోషాప్‌కి చందా ఎలాగూ కడుతున్నాం, దానికి ప్రీమియర్ కలుపుకున్నాం. తాళి షాట్ ఆగకుండా పోతోంది. తమ్ముడు ఎక్స్‌పోర్ట్ పెట్టి చాయ్‌కి పోయి వచ్చేసరికి అయిపోయి ఉంటోంది, ఇప్పుడు చాయ్‌కి వంక లేదని వాడి ఏడుపు.

పాత ఎడియస్ ప్రాజెక్టుల కోసం పాత సిస్టమ్‌ని పారేయట్లేదు. విండోస్ 10 కాబట్టి నెట్ కేబుల్ పీకేసి మూలకి పెట్టా, మా బిడ్డ దాని మీద "నెట్ పెట్టొద్దు" అని స్కెచ్‌తో రాసి అతికించింది.

కొత్త సిస్టమ్‌తో మంచి మెకానికల్ కీబోర్డు కూడా తెచ్చా, ఆపరేటర్ సంతోషపడుతుందని. పొద్దున వచ్చి దాన్ని రెండు నిమిషాలు టకటకలాడించి చూసింది, తర్వాత బల్ల కిందకి వంగి మూలలో ఉన్న పాత సిస్టమ్ నుంచి పాత కీబోర్డు పీకి కొత్తదానికి గుచ్చుకుంది. అక్షరాలన్నీ అరిగిపోయి నల్లగా ఉంటుంది అది, ఒక్క ఎంటర్ బటన్ మీదే గీతలేవో కనిపిస్తాయి. కొత్తది డబ్బాతో సహా ఉంది, ఎవరికైనా కావాలంటే చెప్పండి.